హష్మత్ జంగ్ ఇంటివాళ్లు
దక్కన్ గడీలు, దేవిడీలు: 7వ భాగం

పోయిన వారం దోమకొండ గడిలో అద్దాల మేడ ముందు ఆగాం. కామినేని వారి గడి గురించి రాసినప్పటి నుంచి ఒక సంగతి నన్ను వదలడం లేదు. మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఏ ఊళ్లో పాత గడి గోడ చూపించి అడిగినా అక్కడ ఏలిన దొరల పేర్లు చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ దొరుకుతారు. ఆ దొర భార్య పేరేమిటి, తల్లి పేరేమిటి అని అడిగితే మాత్రం "దొరసాని" అని ఊరుకుంటారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

అందుకే ఈ వారం ఇంకో దొర ఇంటికి వెళ్దాం. ఈయన తెల్లదొర. కాలం మాత్రం అదే: 18వ శతాబ్దపు చివరి పదేళ్లు, 19వ శతాబ్దపు మొదటి అయిదేళ్లు. కామారెడ్డిలో రైలెక్కి బొల్లారం, ఆల్వాల్ దాటి కాచిగూడలో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కాసేపట్లో కోఠి చేరుకోవచ్చు. మన జిల్లా ఆడపిల్లలు ఎంతమందో చదువుకున్న కోఠి విమెన్స్ కాలేజి ఒకప్పుడు ఆయన ఇల్లే. 1949లో కాలేజి ఆ భవనంలోకి వచ్చింది. మా అమ్మాయిని అక్కడ చేర్పించడానికి వెళ్లిన రోజు ఆ ఆరు పెద్ద స్తంభాలను, మెట్లకు అటూ ఇటూ కూర్చున్న సింహాలను చూసి ఆమె భయపడింది. నేనేమో ఫీజు రసీదు చేతిలో పట్టుకొని, పైన ముఖభాగంలో చెక్కిన కంపెనీ రాజముద్రను చూస్తూ నిలబడిపోయాను. ఆ భవనం వెనుక తోటలో ఆ భవనానిదే చిన్న నమూనా ఒకటి ఉందని అప్పుడు నాకు తెలియదు. తర్వాత చూశాను. ఈ కథకు అసలు గుమ్మం అదే.

ఆ ఇంటి యజమాని జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాద్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఇంగ్లండులో ఆయనకు ఏ ప్రభు హోదా లేదు, వంశపారంపర్యంగా వచ్చిన జమీనూ లేదు. ఆయనను అమీరుల్లో ఒకడిగా చేసింది మన హైదరాబాదే. నిజాం అలీఖాన్ ఆయనను కొడుకుగా పిలిచేవాడు.

ఆయన పుట్టింది కూడా ఇంగ్లండులో కాదు. 1764లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో పుట్టాడు. తండ్రి పేరూ జేమ్సే, కంపెనీ అశ్విక దళంలో కల్నలు. చూడ చక్కని మనిషి కావడంతో తోటివాళ్లు ఆయనను "అందగాడు కల్నల్" అనే పిలిచేవారు. తల్లి కేథరిన్ మన్రో మద్రాసులోనే ఒక డాక్టరు కూతురు. ఈయనకు రెండేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఆమెకు అప్పటికి 22 ఏళ్లే. తల్లి ముఖం గుర్తులేని ఈ పిల్లవాడికి జార్జి అనే అన్న ఉన్నాడు. విలియం అని మరో అన్న కూడా ఉన్నాడు. ఆయన 1754లో, కల్నల్ పెళ్లికి ముందే, ఐర్లండులో మరో స్త్రీకి పుట్టినవాడు. తండ్రి ఆ కొడుకును బాహాటంగా ఒప్పుకోలేదు కానీ చదివించాడు, సైన్యంలో చేర్పించాడు. ఈ విలియం గొప్ప ఫార్సీ పండితుడయ్యాడు. టిపూ సుల్తాన్ ఉత్తరాలను ఇంగ్లీషులోకి అనువదించింది ఆయనే. జేమ్స్‌కు జీవితమంతా తండ్రి కంటే ఈ అన్నే పెద్ద దిక్కు. మనసులో మాట, కచేరీలో మాట, చెప్పరాని మాట అన్నీ ఆయనకే రాసేవాడు. ఇవాళ ఈ కుటుంబం గురించి మనకు ఇంత తెలిసిందంటే ఆ అన్నదమ్ముల ఉత్తరాల వల్లనే.

జేమ్స్ చదువు ఇంగ్లండులో, ఈటన్ బడిలో సాగింది. 1779లో, పదిహేనేళ్లకే, సైనికుడిగా మద్రాసు తిరిగొచ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు అంతగా పేరు లేని ఉద్యోగమే చేశాడు. ఈ కాలంలో ఒక భారతీయ స్త్రీ వల్ల ఆయనకు ఒక కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడిని ఇంగ్లండులో ఉన్న తాతగారి దగ్గరికి పంపించారు. ఆ తల్లి పేరు చరిత్రకు దక్కలేదు. మన గడుల్లోని దొరసానుల లాగే ఆమె కూడా.

1795లో విలియం హైదరాబాద్‌లో రెసిడెంటుగా ఉండగా తమ్ముడు ఆయన దగ్గరికి సహాయకుడిగా వచ్చాడు. అది నిజాం రాజ్యానికి చెడ్డ ఏడాది. మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో నిజాం సైన్యం ఓడిపోయింది. దౌలతాబాద్ కోట పోయింది, దివాను అరస్తు జా బందీగా పుణె వెళ్లాడు. ఆ ఓటమి తర్వాత నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన పటాలాల మీద ఆశ పెట్టుకున్నాడు. మన జనం నోట్లో మూసారాం అయింది ఈ రేమండే. మలక్‌పేట దగ్గర మూసారాంబాగ్ ఆయన పేరుతోనే ఉంది. పద్నాలుగు వేల దాకా ఉన్న ఆ ఫ్రెంచి పటాలాలు కంపెనీకి కంట్లో నలుసు. 1797లో విలియం జబ్బుపడి వెళ్లిపోవడంతో రెసిడెంటు పని తమ్ముడి మీద పడింది. అదే ఏడాది అరస్తు జా పుణె నుంచి విడుదలై మళ్లీ దివానుగా వచ్చాడు. ఆయనకు కోడిపందాలంటే ప్రాణం. జేమ్స్ ఆ పందాల దగ్గర కూర్చునేవాడు, హుక్కా తాగేవాడు, దర్బారుకు హైదరాబాదీ దుస్తుల్లో వెళ్లేవాడు, ఫార్సీ మాట్లాడేవాడు. దివానుకూ రెసిడెంటుకూ మధ్య నమ్మకం అక్కడ, ఆ బరి పక్కన కుదిరింది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అక్టోబరు 22న, జీతాలు అందక అప్పటికే సొంత అధికారుల మీద తిరగబడ్డ ఫ్రెంచి పటాలాలను కంపెనీ సైన్యం చుట్టుముట్టి, నెత్తురు చిందకుండా ఆయుధాలు దింపించింది. నెపోలియన్ ఈజిప్టులో దిగిన ఏడాది అది. కలకత్తాలో కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి ఇంతకన్నా తీపి కబురు మరొకటి లేదు. జేమ్స్‌కు రెసిడెంటు పదవి ఖాయమైంది. వయసు 34.

ఆ విజయం తర్వాత రెండు నెలలకు, 1798 డిసెంబరులో, నగరంలో ఒక అమీరు ఇంట పెళ్లి జరిగింది. ఆ ఇంటి పెద్ద బాకర్ అలీఖాన్. కంపెనీ సైన్యానికి నిజాం తరఫున జీతాలు పంచే బక్షీ, ఇరాన్ నుంచి వచ్చిన సయ్యద్ వంశస్థుడు. ఆయన కూతురు షరఫున్నీసా చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని ఇద్దరు కూతుళ్లతో పుట్టింట్లో ఉంటోంది. పెళ్లి ఆ ఇద్దరిలో పెద్దమ్మాయి నజీరున్నీసాది. చెల్లెలు ఖైరున్నీసా. పరదా చాటు నుంచి ఆమె రెసిడెంటును చూసింది, ఆయన ఆమెను చూశాడు. ఆమెకు అప్పటికి పద్నాలుగేళ్ల లోపే. ఇవాళ ఆ వయసు పిల్ల మన కళ్లకు బడికి పోయే పాప. ఆ కాలపు పెళ్లిళ్ల లెక్క వేరే అని తెలిసినా, రాస్తుంటే చెయ్యి ఆగుతుంది.

ఆమెకు అప్పటికే ఒక అమీరు కొడుకుతో సంబంధం ఖాయమైంది. ఆ సంబంధం తనకు వద్దని ఖైరున్నీసా పట్టుబట్టింది. తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ దుర్దానా బేగం ఆ పిల్ల పక్షాన నిలబడ్డారు. తాత బాకర్ అలీకి మొదట ఇది తెలియదు. జనానాలో ముగ్గురు ఆడవాళ్లు ఒక మాట మీదికి వచ్చాక ఆయన ఆ మాటను దాటలేకపోయాడు. ఈ ప్రేమకథను రాసినవాళ్లు చాలామంది దొర గుండె ధైర్యం గురించి రాశారు. నేను చదివినకొద్దీ నాకు ఎక్కువగా కనిపించింది ఈ ముగ్గురి నిబ్బరం. పరదా దాటకుండానే, ఇంటి గౌరవమంతా పణంగా పెట్టి, వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. షరఫున్నీసా లెక్కలో ఏమేమి ఉన్నాయో, కూతురి మనసు ఎంత, కంపెనీ రెసిడెంటు అల్లుడైతే ఇంటికి కలిగే బలం ఎంత, అని పాళ్లు తేల్చడం కష్టం. తల్లులు సంబంధం చూసేటప్పుడు ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి.

1800లో షియా పద్ధతిలో నిఖా జరిగింది. దానికోసం జేమ్స్ ఇస్లాంలోకి మారాడు. పెళ్లి రహస్యంగా జరిగింది, మత మార్పిడి అంతకన్నా రహస్యంగా ఉండిపోయింది. 1801 మార్చి 4న కొడుకు పుట్టాడు. పేరు మీర్ గులాం అలీ, ముద్దుపేరు సాహిబ్ ఆలం. 1802 ఏప్రిల్ 9న కూతురు నూరున్నీసా పుట్టింది. ఇంట్లో అందరికీ ఆమె సాహిబ్ బేగం.

ఇదే రోజుల్లో, ఇదే మనిషి చేత్తో, తెలుగు నేల తలరాత మారిపోయిన ఇంకో కాగితం మీద సంతకం పడింది. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం. హైదరాబాద్‌లో ఉంచే కంపెనీ సైన్యం ఖర్చుకుగాను, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన జిల్లాలను నిజాం కంపెనీకి రాసిచ్చాడు. బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలవి. జనం వాటిని దత్త మండలం అన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు పెట్టేదాకా ఆ పేరే నడిచింది. ఇతర రాజ్యాలతో కంపెనీని కాదని మాట్లాడే హక్కు కూడా నిజాంకు ఆ ఒప్పందంతో పోయింది. హైదరాబాదును అంతగా ప్రేమించిన మనిషే హైదరాబాదు కాళ్లకు ఆ సంకెల వేశాడు. తర్వాతి ఏళ్లలో వెల్లెస్లీ దురాశ మీద జేమ్స్‌కు రోత పుట్టిందని, దేశీ రాజ్యాలతో కంపెనీ నడిచే తీరును ఆయన తప్పుపట్టాడని ఉత్తరాలు చెబుతున్నాయి. అప్పటికే కాగితం మీద సిరా ఆరిపోయింది. అనంతపురం, కడప రైతులు కొత్త కలెక్టరు థామస్ మన్రోకు శిస్తు కడుతున్నారు.

పెళ్లి సంగతి ఎంతకాలం దాగుతుంది? బాకర్ అలీకి దగ్గరి చుట్టమైన మీర్ ఆలం దర్బారులో పలుకుబడి ఉన్నవాడు. రెసిడెంటుతో ఆయనకు చెడింది. పుకార్లు మద్రాసుకు, కలకత్తాకు చేరాయి. నవాబుల ఇంటి పిల్లను రెసిడెంటు బలవంతంగా చెరబట్టాడనీ, ఆమె కుటుంబాన్ని బెదిరించాడనీ చెప్పుకున్నారు. 1801 చివర మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్, అంటే ప్లాసీ క్లైవ్ కొడుకు, రహస్య విచారణ జరిపాడు. బౌజర్, ఓర్ అనే ఇద్దరు సైనికాధికారులను ప్రమాణం చేయించి ప్రశ్నించారు. ఆమెతో రెసిడెంటుకు సంబంధం ఉందా, బిడ్డ ఉందా, ఇంటి పెద్దల మాటేమిటి, నిజాం ఏమనుకుంటున్నాడు అని అడిగి రాసుకున్నారు.

ఖైరున్నీసా అనే పేరు కంపెనీ కాగితాల్లోకి ఎక్కింది ఈ విచారణ వల్లనే. ఒక గృహిణి పేరు, ఆమె తల్లి పేరు, అమ్మమ్మ పేరు సర్కారు దస్త్రంలో నమోదు కావడానికి ఒక నింద కావలసి వచ్చింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఏ నిందా పడని వేలమంది ఆడవాళ్లు ఏ కాగితంలోనూ లేరు.

బలవంతం జరగలేదని తేలింది. ఇంటి ఆడవాళ్ల ఇష్టంతోనే జరిగిందని తేలింది. కోపం చల్లారకపోయినా వెల్లెస్లీ ఆయనను తీసేయలేదు. వెల్లెస్లీ తన సొంత ఇంట్లో చేసింది వేరే ఏమీ కాదు. ఇయాసింత్ రోలాండ్ అనే ఫ్రెంచి స్త్రీతో అయిదుగురు పిల్లలు పుట్టాకనే ఆమెను పెళ్లాడాడు. కాలం మాత్రం మారుతోంది. 1791లో కార్న్‌వాలిస్ హయాంలో, తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనా ఆ పిల్లలకు కంపెనీ కొలువు ఇవ్వరాదని నియమం వచ్చింది. సాహిబ్ ఆలం పుట్టకముందే తండ్రి కొలువులోకి వచ్చే తలుపు అతనికి మూసుకుపోయింది.

ఈ భయాల మధ్యనే జేమ్స్ ఇల్లు కట్టాడు. మూసీ ఉత్తర గట్టున, పాత తోటల నడుమ, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ గీసిన నమూనాతో పని 1803 ప్రాంతంలో మొదలైంది. ఖర్చు నిజాం భరించాడు. స్థలం విషయంలో ఒక కథ చెప్పుకుంటారు. రెసిడెంటు ముందు ఆ నేలకు పెద్ద పటం గీయించి పంపాడట. అంత వెడల్పాటి కాగితం చూసి, తన రాజ్యమంతా అడుగుతున్నాడేమో అనుకొని నిజాం కాదన్నాడట. అదే పటాన్ని చిన్న ముక్క మీద గీయించి పంపితే నవ్వి సరే అన్నాడట. నిజమో కాదో గానీ, కాగితం మీది గీతలకు రాజ్యాలు ఎట్లా పోతాయో చూసిన జనం ఆ కథను ఊరికే కట్టి ఉండరు.

ముందు భాగం దర్బారు కోసం. వెనుక రంగ్ మహల్ ఖైరున్నీసా కోసం. ఎత్తైన గోడలు, ఫౌంటెన్లు, పూల మొక్కలు, గోడల మీద రంగుల చిత్రాలు. పరదాలో ఉండే ఇల్లాలు ముందు వైపుకు వచ్చి తన మొగుడు కట్టిస్తున్న మేడను చూసే వీల్లేదు. అందుకని ఆ మేడ మొత్తాన్ని, స్తంభాలూ మెట్లతో సహా, బొమ్మలాగా చిన్నగా చేయించి ఆమె తోటలో పెట్టించాడట. తోటలోని నమూనా కథ ఇది. రంగ్ మహల్ ఇవాళ లేదు. నమూనా ఉంది. దెబ్బతిన్నదాన్ని బాగుచేసి నిలబెట్టారు. నడుము ఎత్తున ఉన్న ఆ చిన్న మేడ పక్కన నిలబడితే పెద్ద మేడ ముందు కలగని అలజడి ఏదో కలుగుతుంది. ఇల్లాలు చూసిన ఇల్లు అదే కదా.

1803 ఆగస్టు 6న నిజాం అలీఖాన్ చనిపోయాడు. సికందర్ జా గద్దెనెక్కాడు. మన రైలు దాటి వచ్చే సికింద్రాబాద్‌కు పేరు ఆయనదే. 1804లో అరస్తు జా పోయాడు. ఆ స్థానంలోకి, ఒకప్పుడు నగరం వదిలిపోవలసి వచ్చిన మీర్ ఆలం దివానుగా తిరిగొచ్చాడు. జేమ్స్‌కు నగరంలో అయినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆరోగ్యం కూడా దెబ్బతింది.

1805లో పిల్లలను ఇంగ్లండు పంపాలని నిర్ణయించాడు. బాబుకు నాలుగేళ్లు, పాపకు మూడు. అక్కడ, కెంట్‌లోని హాలీడేల్ అనే ఇంట్లో, అందగాడు కల్నల్ ముసలితనంలో ఒంటరిగా ఉన్నాడు. ఆ కాలపు కంపెనీ అధికారులు తమ పిల్లలను ఆ వయసులో ఓడెక్కించడం మామూలే. తల్లికి అది మామూలు ఎట్లా అవుతుంది? ఆ రోజు తల్లి ఎట్లా ఏడ్చిందో, ఎక్కడ కూర్చొని ఉందో, పొడుగాటి జుట్టును ఎట్లా పీక్కుందో తనకింకా గుర్తుందని కూతురు ముప్పై ఆరేళ్ల తర్వాత రాసింది. మూడేళ్ల పాపకు ఏం గుర్తుంటుందని మనం అంటుంటాం. ఆ పాపకు ఆ చోటు గుర్తుంది.

మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు ఓడెక్కే ముందు ఆ పిల్లలిద్దరి బొమ్మ వేశాడు. జరీ దుస్తులు, నెత్తిన టోపీలు, ముఖంలో ఇంకా హైదరాబాదే. ఓడలో సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం ఎక్కారు. ఇంగ్లండులో దిగాక 1806 మార్చి 25న లండను చర్చిలో బాప్తిస్మంతో విలియం జార్జి, కేథరిన్ అరోరా అయ్యారు. కేథరిన్ అన్న పేరు, మద్రాసులో 22 ఏళ్లకే పోయిన నానమ్మది. ముద్దుపేరు కిట్టీ.

తండ్రి ఆ బాప్తిస్మం కబురు వినలేదు. కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ పిలుపు మీద కలకత్తా బయలుదేరి, జ్వరంతోనే ఓడ దిగి, 1805 అక్టోబరు 15న అక్కడ కన్నుమూశాడు. 41 ఏళ్లు. పిలిచిన కార్న్‌వాలిస్ అంతకు పది రోజుల ముందే ఘాజీపూర్‌లో పోయాడు. కొన్ని నెలల వ్యవధిలో ఖైరున్నీసాకు ఇద్దరు పిల్లలూ, మొగుడూ లేకుండా పోయారు. ఆమెకు అప్పటికి ఇరవై దాటలేదు. ఇస్లాం స్వీకరించిన ఆ మనిషిని కలకత్తాలో క్రైస్తవ పద్ధతిలోనే పాతిపెట్టారు. ఆయన రహస్యం తెలిసినవాళ్లు ఆ దరిదాపుల్లో లేరు.

1806లో ఆమె తల్లిని వెంటబెట్టుకొని కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెకు అండగా నిలిచినవాడు హెన్రీ రసెల్. హైదరాబాద్ రెసిడెన్సీలో జేమ్స్ కింద పనిచేసిన యువకుడు. ఆ అండ మెల్లగా సంబంధంగా మారింది. మీర్ ఆలం ఆమెను తిరిగి హైదరాబాద్‌లో అడుగుపెట్టనివ్వలేదు. 1807 నుంచి ఆమె మకాం మచిలీపట్నం.

అప్పటికే బందరు వెలుగు తగ్గిన రేవు. ఒకప్పుడు కలంకారీ అద్దకాలు నింపుకొని ఓడలు పోయిన తీరంలో వ్యాపారం సన్నగిల్లింది, చుట్టూ ఉప్పునీటి మడుగులు. నిజాం రాజ్యానికి ఆవల, కంపెనీ నేల మీద, సముద్రం ఒడ్డున, తల్లీకూతుళ్లు ఏళ్లు గడిపారు. రసెల్ మద్రాసు వెళ్లి 1808లో జేన్ కాసమేజర్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఆ అమ్మాయి కొన్ని నెలలకే చనిపోయింది. అయినా అతడు బందరు వైపు తిరిగి రాలేదు. ఖైరున్నీసా ఎదురుచూసిన ఉత్తరాలు రాలేదు. రసెల్ తన కాగితాలన్నీ భద్రంగా దాచుకున్న మనిషి. వాటి నుంచే ఆమె పడ్డ బాధ మనకు తెలుస్తోంది. 1811లో అతడు హైదరాబాద్ రెసిడెంటయ్యాడు. అప్పటికి మీర్ ఆలం లేడు, ఆమెకు దారి తెరుచుకుంది. ఆమె హైదరాబాద్ చేరి 1813 సెప్టెంబరు 22న కన్నుమూసింది. 27 ఏళ్లు.

బందరులో ఆమె ఉన్న ఇల్లు ఏదో చూపించమంటే చూపించేవారు లేరు. నేను అక్కడికి వెళ్లినప్పుడు పాత డచ్చి గోరీల దగ్గర కాసేపు కూర్చొని వచ్చేశాను. పేరున్న గోరీలన్నీ మగవాళ్లవి, వాళ్ల పెండ్లాలవి. ఈమె అక్కడ ఉండి వెళ్లిందన్న గుర్తు ఏ రాతి మీదా లేదు.

ఇంగ్లండులో పిల్లలకు తల్లితో రాకపోకలు గానీ ఉత్తరాలు గానీ లేకుండా చేశారు. బాబు విలియం 1812లో మరుగుతున్న నీళ్ల కొప్పెరలో పడ్డాడు, ఒక చెయ్యి తీసేయవలసి వచ్చింది. పెళ్లాడి, పిల్లల్ని కని, 1828లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. కిట్టీ తాత పోయాక చుట్టాల ఇండ్లలో పెరిగింది. అక్కడే ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పే పేద స్కాట్లండు యువకుడు ఆమె మీద మనసు పడ్డాడు. అతడే తర్వాతి కాలంలో ఇంగ్లండంతా పేరు మోగిన రచయిత థామస్ కార్లైల్. ఆయన "సార్టర్ రిసార్టస్" లోని బ్లూమైన్ అనే అమ్మాయి ఈ హైదరాబాదీ పాపేనని సాహిత్యకారులు గుర్తించారు. కిట్టీ మాత్రం 1829లో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్లాడి డెవన్‌షైర్‌లో స్థిరపడింది. ఏడుగురు పిల్లలు పుట్టారు, నలుగురు బతికారు.

అంతవరకూ ఆమె కథ ఒక ఇంగ్లీషు ఇల్లాలి కథే. ఒకరోజు ఆమె ఒక స్నేహితురాలి వెంట స్వాలోఫీల్డ్ అనే ఊళ్లో ఒక పెద్ద ఇంటికి వెళ్లింది. గోడ మీద ఒక బొమ్మ. జరీ దుస్తుల్లో ఒక బాబు, ఒక పాప. ఆ పాప తనే. చిన్నరీ వేసిన ఆ బొమ్మ అక్కడెందుకుందంటే ఆ ఇల్లు హెన్రీ రసెల్‌ది కాబట్టి. ఆ బొమ్మ ముందు ఆమె ఏడ్చిందని చెబుతారు. ఇంటికి చేరిన తర్వాత వెతకడం మొదలుపెట్టింది. హైదరాబాద్ రెసిడెన్సీలో సహాయకుడిగా ఉన్న డంకన్ మాల్కం సాయంతో ఒక సంగతి తెలిసింది. అమ్మమ్మ బతికే ఉంది.

షరఫున్నీసా అప్పటికి ముదుసలి. మొగుడు పోయాడు, కూతురు పోయింది, మనుమడు ఎక్కడో సముద్రాల అవతల పోయాడు. 1841లో మనుమరాలి ఉత్తరం వచ్చింది. ఆమె ఫార్సీలో జవాబు రాయించింది. ఆ జవాబును మాల్కం ఇంగ్లీషు చేయించి పంపాడు. ఇద్దరి మధ్యా ఆరేళ్లు ఉత్తరాలు నడిచాయి. కిట్టీ తన పిల్లల సంగతులు రాసేది. తల్లి తన కలలోకి వస్తుందని రాసింది. అమ్మ జుట్టు కాస్త ఉంటే పంపమని అడిగింది. అమ్మమ్మ ఆ వెంట్రుకల పాయను ఇన్నేళ్లూ దాచిపెట్టే ఉంది, పంపింది.

విడిపోయిన రోజు తల్లి పీక్కున్న జుట్టే ఆ పాపకు తల్లి గురించి ఉన్న గుర్తు. ముప్పై ఆరేళ్ల తర్వాత ఆ జుట్టులోనే కొంచెం, హైదరాబాద్ నుంచి ఓడల మీద డెవన్‌షైర్ చేరి, ఆమె అరచేతిలోకి వచ్చింది.

ఆ ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. 1847 జూలై 21న షరఫున్నీసా హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆ తర్వాత రసెల్ చనిపోతూ ఆ బొమ్మను కిట్టీకి రాసిచ్చాడు. ఆమె 1889 దాకా, టార్కీ అనే సముద్రపు ఊళ్లో, ఆ బొమ్మను దగ్గర పెట్టుకొని బతికింది.

(వచ్చే వారం: 1857 జూలై 17. ఇదే ఇంటి ముందు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్)